సుప్రీంకోర్టులో ఎందరు జడ్జీలు ఉండాలి? ఆ లెక్క ఎవరి చేతిలో ఉంది?

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు గోదావరి డెల్టా తీరాన్ని వణికించింది. తీరప్రాంత నియంత్రణ మండలంలో, అంటే సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు తవ్విన రొయ్యల చెరువులను 1997 మార్చి 31 లోగా తొలగించాలని ఎస్. జగన్నాథ్ కేసులో కోర్టు ఆదేశించింది. సంప్రదాయ పద్ధతిలో సాగే చెరువులకు మాత్రమే మినహాయింపు ఇచ్చింది. కాట్రేనికోన, అల్లవరం, నరసాపురం, మొగల్తూరు వైపు అప్పు చేసి చెరువులు తవ్వినవారికి ఆ తేదీ మెడ మీద కత్తి అయింది. నేల, నీరు ఉప్పుబారిన పల్లెలకు అదే తీర్పు ఊరటనిచ్చింది. వాదోపవాదాలు ఏళ్ల తరబడి నడిచాక 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చింది, అప్పటికి గానీ ఆ గొడవ ఒక దారికి రాలేదు.

ఆ తీర్పు ఇచ్చింది ఇద్దరు న్యాయమూర్తులు, జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ సఘీర్ అహ్మద్. అప్పట్లో సుప్రీంకోర్టులో ప్రధాన న్యాయమూర్తితో కలిపి 26 మంది దాకా ఉండొచ్చు. అంటే ఆ 26 స్థానాల్లో ఇద్దరు కూర్చుని చెప్పిన మాట దేశంలోని తీరమంతటికీ చట్టమైంది. కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాస్ మీద అంబానీ సోదరుల కంపెనీల మధ్య నడిచిన వివాదాన్ని 2010 మేలో ముగ్గురు తేల్చారు. ఆ ముగ్గురిలో తెలుగువారైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి విడిగా తన తీర్పు రాశారు. మామూలు మాటల్లో "సుప్రీంకోర్టు చెప్పింది" అనుకునేవాటిలో అత్యధికం ఇలా ఇద్దరో ముగ్గురో చెప్పినవే. కోర్టులో మొత్తం ఎందరుండాలి, ఆ సంఖ్యను ఎవరు మార్చగలరు అన్నది పైకి ఆఫీసు లెక్కలా కనిపిస్తుంది. ఎందరు కలిసి ఏ కేసు వినగలరు, పాత తీర్పును ఎవరు తిరగరాయగలరు అన్నవి మాత్రం ఆ లెక్కను బట్టే ఉంటాయి.

మన రాజ్యాంగం ఈ విషయాన్ని 124వ అధికరణం మొదటి క్లాజులో తేల్చేసింది. ఒక ప్రధాన న్యాయమూర్తి, పార్లమెంటు చట్టం ద్వారా అంతకంటే పెద్ద సంఖ్యను నిర్ణయించేదాకా ఏడుగురికి మించకుండా ఇతర న్యాయమూర్తులు ఉంటారన్నది దాని సారం. ఈ పద్ధతి 1950లో కొత్తగా పుట్టిందీ కాదు. 1935 భారత ప్రభుత్వ చట్టం ఫెడరల్ కోర్టుకు ప్రధాన న్యాయమూర్తి కాక మరో ఆరుగురే పరిమితి అని చెప్పి, అంతకు మించాలంటే కేంద్ర శాసనసభ కోరాలని షరతు పెట్టింది. సంఖ్యను పూర్తిగా పాలకుడి ఇష్టానికి వదలకూడదన్న జాగ్రత్త అప్పటికే ఉంది.

ఈ సంఖ్య పెంచడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, మూడింట రెండొంతుల మెజారిటీ అక్కర్లేదు, రాష్ట్రాల ఆమోదం అసలే అక్కర్లేదు. సభకు హాజరై ఓటేసినవారిలో సగానికి పైగా ఒప్పుకుంటే చాలు. 1956లో వచ్చిన సుప్రీంకోర్టు న్యాయమూర్తుల సంఖ్య చట్టం ప్రధాన న్యాయమూర్తిని మినహాయించి పదిమందిని అనుమతించింది. 1960లో 13, 1977లో 17, 1986లో 25, 2009 నుంచి 30, 2019లో 33. ప్రతిసారీ మారింది ఆ చిన్న చట్టంలో ఒక్క అంకె. 1986లో ఒకే సవరణతో ఎనిమిది కుర్చీలు పెరిగాయి, 1950లో కోర్టు మొత్తానికి అనుమతించిన సంఖ్యే అది! 2019లో కేబినెట్ నిర్ణయం జులై ఆఖరున జరిగితే ఆగస్టు రెండో వారానికల్లా చట్టం సిద్ధమైంది.

పెంచడం ఇంత తేలికైతే తగ్గించడం సంగతేమిటి? రాజ్యాంగ వాక్యం "పెద్ద సంఖ్య" అని మాత్రమే అంటోంది. ఏడు కంటే కిందికి దించే అధికారం పార్లమెంటుకు ఇచ్చినట్టు అందులో ఎక్కడా లేదు. ఏడుకు పైన చట్టంతో పెంచినదాన్ని చట్టంతో తగ్గించవచ్చన్న వాదన నిలబడుతుంది గానీ, అలా తగ్గించినా పదవిలో ఉన్న జడ్జిని ఇంటికి పంపడం కుదరదు. రుజువైన దుష్ప్రవర్తన లేదా అశక్తత మీద ఉభయసభలూ ప్రత్యేక మెజారిటీతో కోరితే తప్ప న్యాయమూర్తిని తొలగించే వీల్లేదు. కాబట్టి కోతంటూ పెడితే రాబోయే ఖాళీల మీదే పెట్టాలి.

చట్టం జోలికి పోకుండానే కోర్టును చిన్నది చేసే దారి ఇంకొకటి ఉంది. అది ఖాళీలు నింపకపోవడం. చట్టం ఇచ్చేది గరిష్ఠ పరిమితి మాత్రమే, అందరినీ నియమించి తీరాలని ఎక్కడా లేదు. 1950 జనవరిలో సుప్రీంకోర్టు మొదలైనప్పుడు ఎనిమిది మందికి వీలున్నా తొలి ప్రధాన న్యాయమూర్తి హరిలాల్ కానియాతో కలిపి ఉన్నది ఆరుగురే. 1977 చట్టం 17 మందిని అనుమతించింది. అయినా 1979 చివరిదాకా 15 మందితోనే సరిపెట్టాలని కేబినెట్ నిర్ణయించింది. ప్రధాన న్యాయమూర్తి కోరాక ఆ పరిమితి ఎత్తేశారు. అంటే పార్లమెంటు పెంచిన సంఖ్యను మంత్రివర్గం ఒక అంతర్గత నిర్ణయంతో కిందికి దించగలిగింది. చట్టంలో అంకె మారితే వార్త అవుతుంది. ఖాళీ అలాగే ఉండిపోతే అంతగా ఎవరి కంటా పడదు, అందుకే ఈ రెండో దారిని ఎక్కువగా కనిపెట్టి ఉండాలి.

సంఖ్యకు ఉన్న బలం ఏమిటో తెలియాలంటే రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు దగ్గరికి రావాలి. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో చదువుకుని, ఆంధ్ర హైకోర్టుకూ ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకూ ప్రధాన న్యాయమూర్తిగా చేసి, 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లి 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయిన మనిషి ఆయన. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో ఆయన నాయకత్వంలోని ధర్మాసనం, ప్రాథమిక హక్కులను తగ్గించేలా రాజ్యాంగాన్ని సవరించే అధికారం పార్లమెంటుకు లేదని తీర్పు చెప్పింది. ఆరుగురు ఆ పక్షాన, ఐదుగురు వ్యతిరేకంగా.

ఆ ధర్మాసనంలో 11 మంది ఎందుకు కూర్చోవాల్సి వచ్చింది? అంతకుముందు 1951లో శంకరీ ప్రసాద్ కేసులోనూ 1964లో సజ్జన్ సింగ్ కేసులోనూ ఐదుగురేసి జడ్జీల ధర్మాసనాలు దీనికి పూర్తి విరుద్ధంగా చెప్పాయి. వాటిని కాదనాలంటే అంతకంటే పెద్ద ధర్మాసనం కావాలి. ప్రధాన న్యాయమూర్తితో కలిపి లెక్కేస్తే, 1950 నాటి పరిమితి ప్రకారం కోర్టు మొత్తం కలిసినా ఎనిమిది మందే, 1956 చట్టం తర్వాత కూడా 11 మందే. 1960 సవరణ పరిమితిని 14కి పెంచింది గనకనే 11 మందిని ఒక్క కేసుకు కేటాయించి మిగతావారితో రోజువారీ పని నడపడం వీలైంది.

కథ అక్కడితో ఆగలేదు. గోలక్‌నాథ్‌ను పునఃపరిశీలించాలంటే 11 కంటే పెద్ద ధర్మాసనం కావాలి. 1973లో కేశవానంద భారతి కేసును 13 మంది విన్నారు, కోర్టు గరిష్ఠ బలం 14. ఒక్క కేసుకు దాదాపు కోర్టంతా కూర్చున్నట్టే. ఏప్రిల్ 24న ఏడుగురు ఒకవైపు, ఆరుగురు మరోవైపు తేలారు. సవరించే అధికారం ఉంది గానీ రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని చెరపకూడదన్న సూత్రం ఆ ఒక్క ఓటు తేడాతో నిలిచింది. 1967లో ఆరు-ఐదు, 1973లో ఏడు-ఆరు. ఇంత సన్నటి తేడాల మధ్య ఎవరో ఒక ప్రభుత్వం నాలుగు కుర్చీలు పెంచి తనకు నచ్చినవారిని కూర్చోబెట్టి ఉంటే దేశ రాజ్యాంగ చరిత్ర ఏ మలుపు తిరిగేదో ఊహించడం కష్టమేమీ కాదు.

అలా చేసిన, చేయబోయిన దేశాలు ఉన్నాయి. అమెరికా రాజ్యాంగం సుప్రీంకోర్టు ఉండాలంటుంది గానీ ఎందరో చెప్పదు. 1789 చట్టం ఆరుగురితో మొదలుపెట్టింది. ఆ తర్వాత ఏడు, తొమ్మిది, 1863లో పది. అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌తో కాంగ్రెస్‌కు పొసగని 1866లో, ఖాళీ అయ్యే కొద్దీ ఏడుకు తగ్గేలా చట్టం చేశారు. ఆయన దిగిపోయాక 1869లో మళ్లీ తొమ్మిది చేశారు. అప్పటి నుంచి ఆ అంకె కదల్లేదు. కదిలించాలని చూసినవాడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. తన ఆర్థిక సంస్కరణ చట్టాలను కోర్టు వరసగా కొట్టేస్తుంటే, 70 దాటినా దిగిపోని ప్రతి జడ్జికి ఒకరు చొప్పున గరిష్ఠంగా ఆరుగురిని అదనంగా నియమించుకునే బిల్లును 1937లో ప్రతిపాదించాడు. జడ్జీలు ముసలివాళ్లైపోయారు, పని భారం పెరిగింది అన్నది పైకి చెప్పిన కారణం. సొంత పార్టీకి తిరుగులేని బలం ఉన్న సెనేట్ ఆ బిల్లును 70-20 ఓట్లతో కమిటీకి తిప్పి పంపేసింది, అది అక్కడే ఆగిపోయింది. అధ్యక్షుడి పార్టీవాళ్లే అడ్డం నిలబడ్డారన్నది ఆ ఉదంతంలో ఎంతో విలువైన విషయం, ఎందుకంటే వాళ్లను ఆపమని ఏ చట్టమూ చెప్పలేదు.

అర్జెంటీనాలో 1990లో మెనెమ్ ప్రభుత్వం ఐదుగురి కోర్టును తొమ్మిది చేసింది, 2006లో వచ్చిన చట్టం మళ్లీ ఐదు అంది. హంగరీలో రాజ్యాంగ న్యాయస్థానం 11 నుంచి 15కు పెరిగింది. పొరుగున పాకిస్థాన్‌లో 2024 అక్టోబరులో 26వ రాజ్యాంగ సవరణ జడ్జీలను ఎంపిక చేసే కమిషన్ రూపు మార్చి, అందులో పార్లమెంటు సభ్యులకు చోటిచ్చింది. కొద్ది వారాలకే, నవంబరు మొదట్లో, సుప్రీంకోర్టు సంఖ్య 17 నుంచి 34కు రెట్టింపైంది. మనకు పాఠం ఉన్నది ఈ ఉదాహరణలోనే. ఎంపిక పద్ధతి, సంఖ్య రెండూ ఒకే ప్రభుత్వం చేతికి, ఒకే రుతువులో వచ్చాయి. కెనడా దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో ఉంది. తొమ్మిదిమంది అన్నది అక్కడ మామూలు చట్టంలోనే ఉన్నా, కోర్టు కూర్పును మార్చాలంటే కేంద్రమూ అన్ని ప్రావిన్సులూ ఒప్పుకోవాలని 2014లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

మన దగ్గర నిబంధన కెనడాదంత గట్టిది కాదు, అమెరికాదంత తేలికైనదే. అయినా సంఖ్య మార్పు ఇక్కడ ఎన్నడూ రాజకీయ ఆయుధం కాలేదు. 1993 దాకా సంఖ్య పెంచే మెజారిటీ, పేర్లు నిర్ణయించే పెత్తనం రెండూ దాదాపు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. కోర్టుతో తగాదా పడ్డప్పుడు ప్రభుత్వం వేరే దారి పట్టింది. కేశవానంద తీర్పు వెలువడిన వెంటనే, ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పు రాసిన షెలత్, హెగ్డే, గ్రోవర్ అనే ముగ్గురు సీనియర్లను పక్కనపెట్టి ఏ.ఎన్. రేను ప్రధాన న్యాయమూర్తిని చేసింది. ముగ్గురూ రాజీనామా చేశారు. 1977లో హెచ్.ఆర్. ఖన్నాకూ అదే జరిగింది. కుర్చీలు పెంచడం కంటే పెద్ద కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలన్నదే పాలకులకు దగ్గరి దారిగా కనిపించింది.

1993 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో కొలీజియం (ప్రధాన న్యాయమూర్తి, సీనియర్ జడ్జీల బృందం) వచ్చాక పరిస్థితి మారింది. కుర్చీలు ఎన్నో చెప్పేది పార్లమెంటు. వాటిలో ఎవరు కూర్చోవాలో సిఫారసు చేసేది ప్రధాన న్యాయమూర్తి, సీనియర్ జడ్జీలు. ఆ సిఫారసు మీద ఉత్తర్వులు రావాల్సింది ప్రభుత్వం నుంచి. ఒకరు పెంచినంత మాత్రాన వాళ్ల మనుషులే వస్తారన్న హామీ లేదు. 2019లో పెరిగిన స్థానాలు ఆ సెప్టెంబరులోనే నిండాయి, పేర్లు పంపింది మాత్రం కొలీజియమే. ఈ పద్ధతి మీద విమర్శలు చాలా ఉన్నాయి, అందులో చాలావాటికి బలమూ ఉంది. 2015 అక్టోబరులో, కొలీజియం స్థానంలో తెచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను నలుగురు జడ్జీలు కొట్టేసినప్పుడు, పక్క కృష్ణా డెల్టాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్ ఒక్కరే భిన్నాభిప్రాయం రాసి కొలీజియంలోని గుట్టును తప్పుపట్టారు. ఆయన లేవనెత్తిన పారదర్శకత ప్రశ్నకు నేటికీ పూర్తి జవాబు రాలేదు. నియామక పద్ధతి మారాలని కోరడం న్యాయమే. కాకపోతే ఆ రోజు వస్తే సంఖ్య నిబంధనను కూడా దాంతోపాటే గట్టిపరచాలి. మామూలు మెజారిటీతో కుర్చీలు పెంచుకునే వీలు, ఆ కుర్చీల్లో ఎవరుండాలో తేల్చే మాట రెండూ ఒకే చోటికి చేరితే, అడ్డుకోవడానికి మన రాజ్యాంగంలో మిగిలేది పాలకుల పెద్దమనిషి తరహా ఒక్కటే.

ఇంతవరకూ సంఖ్య పెంచిన ప్రతిసారీ ప్రధానంగా చెప్పిన కారణం పెండింగ్ కేసులే. ఈ కారణాన్ని తీసిపారేయలేం. 2019లో సుప్రీంకోర్టులో దాదాపు 59 వేల కేసులు పెండింగ్‌లో ఉన్నాయి, పెంచమని ప్రధాన న్యాయమూర్తి రంజన్ గొగోయ్ స్వయంగా ప్రధానికి లేఖ రాశారు. ముగ్గురు పెరిగారు. 2024 నాటికి పెండింగ్ 80 వేలు దాటింది. మధ్యలో కరోనా వచ్చిన మాట నిజమే. కానీ వచ్చే కేసులను వడపోయకుండా వినేవారిని మాత్రం పెంచుతూ పోతే లెక్క తేలదు. ధవళేశ్వరం దగ్గర ఎన్ని గేట్లు ఎత్తినా, కింద బోదెల్లో పూడిక తీయకపోతే శివారు చేనుకు నీరందదు.

అమలాపురంలోనో భీమవరంలోనో గట్టు తగాదా మీద దావా వేసిన రైతు సంగతి చూడండి. ముందు జూనియర్ సివిల్ జడ్జి కోర్టు, ఆపైన అప్పీలు, ఆ తర్వాత అమరావతిలోని హైకోర్టులో రెండో అప్పీలు, ఇన్నీ దాటితే ఢిల్లీ. ఆ రైతుకు ఏళ్లు గడిచేది మొదటి రెండు మెట్ల మీదే. సర్వేయరు రాలేదని ఒక వాయిదా, సాక్షి రాలేదని ఇంకొకటి, జడ్జి బదిలీ అయ్యారని మరొకటి. ఢిల్లీలో ముగ్గురు జడ్జీలు పెరిగితే ఆ వాయిదాల్లో ఒక్కటీ తగ్గదు. హైకోర్టు సంగతి చూస్తే అక్కడ పార్లమెంటు ప్రమేయమే లేదు. 216వ అధికరణం ప్రకారం హైకోర్టులో ఎందరు జడ్జీలు అవసరమో రాష్ట్రపతి, అంటే ఆచరణలో కేంద్ర ప్రభుత్వం, నిర్ణయిస్తుంది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు మంజూరైన సంఖ్య 37. సుప్రీంకోర్టుకు చట్టసభ అనుమతి తప్పనిసరి చేసి, సామాన్యుడికి ఎక్కువగా అక్కరకొచ్చే హైకోర్టును ఉత్తర్వులకు వదిలేయడం ఎవరికైనా వింతగానే తోచాలి. దాని మీద జరగాల్సినంత చర్చ మాత్రం ఎక్కడా జరగదు.

సుప్రీంకోర్టుకు చేరే కేసుల్లో పెద్ద భాగం 136వ అధికరణం కింద వేసే స్పెషల్ లీవ్ పిటిషన్లు, అంటే అప్పీలుకు ప్రత్యేక అనుమతి కోరేవి. వాటిలో చాలావరకు మామూలు అప్పీళ్లే. ఇద్దరేసి జడ్జీలు కూర్చుని వాటిని వింటుంటే ఐదుగురు కూర్చోవాల్సిన రాజ్యాంగ ప్రశ్నలు వెనకబడతాయి. రాజ్యాంగ వ్యాఖ్యానానికి కనీసం ఐదుగురుండాలని 145వ అధికరణం చెబుతోంది. 2019 సవరణ ప్రకారం ప్రధాన న్యాయమూర్తితో కలిపి 34 మంది కోర్టు అంటే 17 జంటల దాకా వీలు. జంటలు పెరిగే కొద్దీ ఒకే చట్టానికి ఒక కోర్టు గదిలో ఒక అర్థం, పక్క గదిలో ఇంకో అర్థం వచ్చే ప్రమాదమూ పెరుగుతుంది. తొలి ఏళ్లలో ఉన్న కొద్దిమంది జడ్జీలూ తరచూ కలిసి కూర్చునేవారు, ఆ ఇబ్బంది అప్పట్లో అంతగా లేదు. పోలవరం మీద ఒడిశా 2007లో నేరుగా సుప్రీంకోర్టులో వేసిన దావా పదేళ్లు దాటినా తేలలేదు. ఈ మధ్యలో న్యాయమూర్తుల సంఖ్యను రెండుసార్లు పెంచారు. రాష్ట్రాల మధ్య తగాదాలను సుప్రీంకోర్టు తప్ప ఇంకో కోర్టు వినే వీల్లేదు. అలాంటి కేసులకు ముందు చోటు దక్కకపోతే పెరిగిన జడ్జీలు దేనికి పనికొచ్చినట్టు?

2009లో లా కమిషన్ తన 229వ నివేదికలో ఒక దారి చూపింది. రాజ్యాంగ ప్రశ్నలకు ఢిల్లీలో ఒక ధర్మాసనం, మామూలు అప్పీళ్లకు నాలుగు ప్రాంతాల్లో విడి ధర్మాసనాలు పెట్టాలని, దక్షిణాదికి చెన్నై లేదా హైదరాబాద్ అయితే బాగుంటుందని సూచించింది. ఢిల్లీలో గానీ, రాష్ట్రపతి ఆమోదంతో ప్రధాన న్యాయమూర్తి నిర్ణయించిన మరోచోట గానీ కోర్టు కూర్చోవచ్చని 130వ అధికరణం ఇప్పటికే అంటోంది. అలా చేస్తే సంఖ్య పెంచడానికి ఒక స్పష్టమైన కారణం, ఒక కొలత ఏర్పడతాయి. ఎక్కడ ఎందరు అవసరమో లెక్కగట్టి చట్టం చేయవచ్చు. సుప్రీంకోర్టు మాత్రం ఢిల్లీ బయట కూర్చోవడానికి ఇంతవరకూ ఇష్టపడలేదు.

1956 చట్టంలో ఆ అంకె ఉన్న సెక్షన్ ఒకే ఒక్క వాక్యం. దాన్ని మార్చే బిల్లు మళ్లీ సభకు వచ్చినప్పుడు అమలాపురం, నరసాపురం, కాకినాడ, రాజమహేంద్రవరం ఎంపీలు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. కొత్త కుర్చీలు ఏ రకం కేసుల కోసం, ఆ కేసులు ఏటా ఎన్ని వస్తున్నాయి? అన్నీ ఒకేసారి నింపుతారా, లేక రెండు మూడేళ్లకు విడగొట్టి తర్వాతి ప్రధాన న్యాయమూర్తులకూ తర్వాతి ప్రభుత్వానికీ కొన్ని మిగులుస్తారా? ఉన్న ఖాళీలు ఎన్నాళ్లుగా ఖాళీగా ఉన్నాయి, ఫైలు ఎవరి దగ్గర ఆగింది? నియామక పద్ధతిని కూడా మార్చే ఆలోచన ఉంటే, సంఖ్యను మామూలు చట్టం నుంచి తీసి రాజ్యాంగంలోనే రాసి, మూడింట రెండొంతుల మెజారిటీ లేనిదే కదలకుండా చేయడానికి ఒప్పుకుంటారా? ఈ చివరి ప్రశ్నకు ప్రభుత్వం ఇచ్చే జవాబును సభ రికార్డుల్లోకి ఎక్కించాకే ఆ బిల్లుకు ఓటెయ్యాలి.